పెద్ద రెపోలోంచి ఒక్క బ్రాంచ్ మాత్రమే బయటికి తీశాం: నా అనుభవం

మా కోడ్ అంతా గిట్‌లో, అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే టూల్‌లో, ఒక పెద్ద రెపోగా (కోడ్, దాని మార్పుల హిస్టరీ కలిసి ఉండే చోటు) ఉంటుంది. అందులో నాకు కావాల్సింది ఒకే ఒక్క బ్రాంచ్, అంటే మిగతావాటి పక్కన విడిగా నడిచే ఒక పాయ. పాత వెర్షన్‌ని ఇంకా వాడుతున్న కస్టమర్ ఒకరున్నారు, వాళ్ల కోడ్ అంతా రిలీజ్-4 అనే బ్రాంచ్‌లో ఉంటుంది. అందులో మిగిలిపోయిన బగ్గులు నేను సరిచెయ్యాలి, ఆ తర్వాత ఆ బ్రాంచ్‌ని మాత్రమే కొత్త రెపోలోకి తీసి వేరే టీమ్ చేతిలో పెట్టాలి. మిగతా బ్రాంచ్‌లేవీ వాళ్లకి వెళ్లకూడదు. సోమవారం పొద్దున మీటింగ్‌లో ఈ పని ఎదురుగా "ఒక పూట" అని రాసుకున్నారు. పూర్తయ్యేసరికి తర్వాతి వారం గురువారం సాయంత్రమైంది. మధ్యలో ఎక్కడెక్కడ ఎందుకు ఆగామో వరసగా రాస్తున్నా, ఇదే పని నెత్తిన పడ్డవాళ్లకి కొంత టైమ్ మిగులుతుంది.

ముందుగా గిట్ ఎల్‌ఎస్-రిమోట్ --హెడ్స్ కొట్టి, పక్కన రెపో అడ్రస్ ఇచ్చి, సర్వర్‌లో ఏయే బ్రాంచ్‌లున్నాయో చూశాను. దీనికి ఏమీ డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు, క్షణాల్లో లిస్ట్ వచ్చేస్తుంది. ఇది తప్పకుండా చెయ్యండి. మా రెపోలో రిలీజ్-4 అని ఒకటి, రిలీజ్_4 అని ఇంకొకటి ఉన్నాయి, రెండోది ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసింది. అసలు లేని పేరు ఇచ్చినా గిట్ వెంటనే "రిమోట్ బ్రాంచ్ నాట్ ఫౌండ్" అని చెప్పి ఆగిపోతుంది, దానితో పెద్ద బాధ లేదు. ఉన్న రెండు పేర్లలో తప్పుది ఇస్తే మాత్రం అదేమీ అనదు, పెట్టమన్నది తెచ్చి పెట్టేస్తుంది.

పేరు ఖాయం చేసుకున్నాక సాయంత్రం క్లోన్, అంటే సర్వర్‌లోని రెపోని నా మెషిన్‌కి కాపీ చేసుకోవడం, మొదలుపెట్టా. ఇక్కడ చాలామంది పడే తికమక ఒకటుంది. గిట్ క్లోన్ -బి రిలీజ్-4 అని ఇస్తే వచ్చేది ఒక్క బ్రాంచ్ కాదు. అన్ని బ్రాంచ్‌లూ వస్తాయి, చివర్లో కళ్లముందు తెరిచి పెట్టేది మాత్రం రిలీజ్-4. ఒక్కటే రావాలంటే దాంతో పాటు --సింగిల్-బ్రాంచ్ కూడా పెట్టాలి. 2012లో వచ్చిన 1.7.10 వెర్షన్ నుంచీ ఈ ఆప్షన్ ఉంది కాబట్టి చాలా పాత మెషిన్ల మీద కూడా దొరుకుతుంది. నేను రెండూ పెట్టే కొట్టాను.

గంటన్నర గడిచింది, ఇంకా ఇరవై శాతం దగ్గరే ఉంది. మా వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు సర్వర్‌కి కలిపే కనెక్షన్) సెషన్ కొన్ని గంటలకి దానంతట అదే తెగిపోతుంది, అది ఆఫీసు రూలు. రాత్రి పదింటికి అరవై శాతం దాటింది. హమ్మయ్య అనుకుని పక్కకి వెళ్లి వచ్చేసరికి స్క్రీన్ మీద "ఎర్లీ ఈఓఎఫ్", దాని కింద "ఇండెక్స్-ప్యాక్ ఫెయిల్డ్". పోతే పోయింది, అక్కడి నుంచి కంటిన్యూ చేద్దామని చూస్తే ఫోల్డరే లేదు. క్లోన్ మధ్యలో ఫెయిలైతే అప్పటిదాకా వచ్చిందంతా గిట్ తనే తుడిచేస్తుంది. ఆగిన చోట నుంచి మళ్లీ అందుకునే సౌకర్యం క్లోన్‌కి లేనే లేదు. అన్ని గంటల డౌన్‌లోడ్ గాలికి పోయింది. అర్ధరాత్రి ఇంకోసారి పెట్టి పడుకున్నా, పొద్దున చూస్తే అదీ పోయింది. ఆ పొద్దున నాకు వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు.

మంగళవారం మా సీనియర్ ఒకావిడని అడిగా. "బ్రాంచ్ ఒక్కటే అన్నారు కదండీ, ఇన్ని గంటలు ఎందుకు పడుతోంది" అంటే ఆవిడ నవ్వి, "ఆ బ్రాంచ్ ఎప్పుడు విడిపోయింది? రెండేళ్ల కిందట. అంతకు ముందు పదేళ్ల హిస్టరీ మెయిన్ బ్రాంచ్‌దేగా, అదంతా ఎక్కడికి పోతుంది" అన్నారు. విషయం మొత్తం అక్కడే ఉంది. గిట్‌లో ఒకసారి సేవ్ చేసిన మార్పుని కమిట్ అంటారు, బ్రాంచ్ అంటే ఒక కమిట్ నంబరు రాసి ఉన్న బుల్లి ఫైలు, అంతే. ఆ కమిట్ తన ముందు కమిట్‌ని చూపిస్తుంది, అది దాని ముందుదాన్ని. అలా మొట్టమొదటి రోజు దాకా. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఆ ఒక్క నంబరు అడిగితే దాని వెనకున్నదంతా వస్తుంది. సింగిల్-బ్రాంచ్ వల్ల ఆదా అయ్యేది, వేరే బ్రాంచ్‌లలో మాత్రమే ఉండి మనదాంట్లో లేని భాగం ఒక్కటే. అంతకు ముందు సబ్‌వెర్షన్ అనే ఇలాంటి పాత టూల్‌లో పనిచేసినవాళ్లకి ఇది ఇంకా వింతగా ఉంటుంది. అక్కడ బ్రాంచ్ అంటే సర్వర్‌లో ఒక ఫోల్డర్, ఆ ఫోల్డర్ చెకౌట్ చేస్తే (మన మెషిన్‌కి తెచ్చుకుంటే) అదొక్కటే వస్తుంది, హిస్టరీ సర్వర్‌లోనే ఉండిపోతుంది. మీటింగ్‌లో "ఒక పూట" అని రాసిన పెద్దమనిషి మనసులో ఉన్నది అదే లెక్క అని నా అనుమానం.

ఎంత తేడా వస్తుందో ఆవిడే బిల్డ్ మెషిన్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే కంప్యూటర్) మీద చూపించారు. అది సర్వర్ పక్కనే ఉంటుంది, వీపీఎన్ గొడవ లేదు, అందులో రెపో మొత్తం కాపీ ఎప్పుడూ ఉంటుంది. గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్ -వీహెచ్ కొడితే దాదాపు 11 జీబీ. దాన్నుంచే అదే డిస్క్‌లో పక్కకి సింగిల్-బ్రాంచ్‌తో ఒక క్లోన్ చేశారు, చిటికెలో అయిపోయింది, సైజు చూస్తే మళ్లీ అదే 11 జీబీ! ఇద్దరం కాసేపు మొహాలు చూసుకున్నాం. తర్వాత తెలిసింది, ఒకే మెషిన్‌లో మామూలు పాత్ ఇచ్చి క్లోన్ చేస్తే గిట్ ఏది కావాలో ఏది వద్దో ఏరుకోదు, తన డేటా దాచుకునే ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్‌లింక్ చేసేస్తుంది, అంటే ఉన్న ఫైళ్లకే ఇంకో పేరు తగిలిస్తుంది. హిస్టరీ ఇన్ని కమిట్‌ల లోతు వరకే చాలని చెప్పే --డెప్త్ పెట్టినా అంతే, లోకల్ క్లోన్‌లో అది చెల్లదని ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. పాత్‌కి ముందు ఫైల్:// అని పెడితేనే నెట్‌వర్క్ మీద చేసినట్టు ఏరి తెస్తుంది. అలా చేశాక అసలు సంగతి బయటపడింది. 9 జీబీ పైనే ఉంది. 11లో 9. ఎప్పుడో పెట్టి ఎప్పుడో తీసేసిన టెస్ట్ డేటా, బిల్డ్ ఫైళ్లు, ఒక డెమో వీడియో కూడా, అన్నీ ఆ ఉమ్మడి హిస్టరీలోనే ఉన్నాయి. నేను పని చెయ్యాల్సిన కోడ్ చూస్తే మూడు వందల ఎంబీ కూడా లేదు.

అంటే బ్రాంచ్‌లు తగ్గిస్తే సైజు తగ్గదు, హిస్టరీ లోతు తగ్గిస్తే తగ్గుతుంది. మంగళవారం మధ్యాహ్నం --డెప్త్ 1 పెట్టి క్లోన్ చేశా. డెప్త్ ఇస్తే సింగిల్-బ్రాంచ్ విడిగా చెప్పక్కర్లేదు, అదే అర్థం చేసుకుంటుంది. అన్ని బ్రాంచ్‌ల చివరి కమిట్‌లూ కావాలంటేనే --నో-సింగిల్-బ్రాంచ్ అని చెప్పాలి. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. నిన్నటి రాత్రంతా ఏం చేశానా అనిపించింది.

ఆ సంతోషం సాయంత్రం దాకానే. మొదటి బగ్గు కోసం ఒక ఫైల్ మీద గిట్ బ్లేమ్ కొట్టా, ఈ లైను ఎవరు ఎందుకు రాశారో చూద్దామని. ఫైల్‌లోని ప్రతి లైనూ ఒకే మనిషి ఒకే రోజు రాసినట్టు వచ్చింది. ఉన్నది ఒకే కమిట్ కదా, అంతా దాని మీదే పడుతుంది. కమిట్ నంబరు ముందు టోపీ గుర్తు ఉంటుంది, అంటే ఇంతకు మించి వెనక్కి తెలియదు అని. ఆ మనిషి చివర్లో వెర్షన్ నంబరు మార్చి వెళ్లిపోయినాయన, పాపం లక్షల లైన్ల కోడ్ ఆయన పేరు మీద ఎక్కింది. గిట్ డిస్క్రైబ్ కూడా పనిచెయ్యలేదు, వెనక ట్యాగ్‌లు (కమిట్‌లకి తగిలించే వెర్షన్ పేర్లు) లేవు కాబట్టి "నో నేమ్స్ ఫౌండ్" అంటుంది. మా బిల్డ్ స్క్రిప్ట్ వెర్షన్ పేరు దాన్నుంచే తీసుకుంటుంది, కాబట్టి బిల్డ్ కూడా ఆగిపోయింది.

దాని మందు సులువే. గిట్ ఫెచ్ --డీపెన్=200 అని కొడితే ఇంకో రెండు వందల కమిట్‌లు వెనక్కి తెస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చింది, ఇలా కొంచెం కొంచెంగా తెచ్చుకుంటే మధ్యలో వీపీఎన్ పోయినా అప్పటిదాకా వచ్చినవి పోవు, తర్వాత అక్కడి నుంచే మళ్లీ అడగొచ్చు. క్లోన్‌కి లేని రిజ్యూమ్ దొడ్డిదారిన దొరికినట్టే. పాత తేదీ తెలిస్తే --షాలో-సిన్స్ అని తేదీయే ఇవ్వొచ్చు. బ్రాంచ్ విడిపోయిన తేదీ నాకు తెలుసు కాబట్టి అదే ఇచ్చా, రెండేళ్ల హిస్టరీ వచ్చింది, మొదటి బగ్గుకి అది సరిపోయింది. రెండోది మాత్రం అంతకంటే పాతది, ఏ కమిట్‌లో పుట్టిందో ఇంకా చాలా వెనక్కి వెళ్లి చూడాలి.

బుధవారం ఇంకో దారి పట్టా. --ఫిల్టర్=బ్లాబ్:నన్ అనే ఆప్షన్ ఉంది, దాంతో కమిట్‌లన్నీ, ఫోల్డర్ల లిస్ట్‌లన్నీ వస్తాయి, పాత ఫైళ్ల లోపలి సరుకు మాత్రం రాదు, ఎప్పుడు ఏది తెరిస్తే అప్పుడు సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. మా అవసరానికి సరిగ్గా సరిపోయేది ఇదే. కొట్టిన వెంటనే "ఫిల్టరింగ్ నాట్ రికగ్నైజ్డ్ బై సర్వర్, ఇగ్నోరింగ్" అని ఒక వార్నింగ్ వచ్చి, మళ్లీ మొత్తం డౌన్‌లోడ్ చెయ్యడం మొదలెట్టింది. ఆ వార్నింగ్ ఒక్క లైనే, కింద శాతాలు పరుగెడుతుంటే కంటికి ఆనదు. గమనించి వెంటనే ఆపేశా. సర్వర్‌లో అప్‌లోడ్‌ప్యాక్.అలౌఫిల్టర్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యాలి, అది అడ్మిన్ చేతిలో ఉంటుంది. టికెట్ పెట్టా. "ఎందుకు, ఏం చేస్తారు, దీనివల్ల సర్వర్ మీద లోడ్ పెరగదా" అని ప్రశ్నలొచ్చాయి. తొమ్మిది జీబీ మాటిమాటికీ సగం లాగి వదిలేయడం కంటే ఇదే తక్కువ లోడ్ అని వివరంగా రాశా. శుక్రవారం పొద్దున ఆన్ చేశారు. ఒక లైన్ సెట్టింగ్ కోసం రెండు రోజుల టెన్షన్.

శుక్రవారం సింగిల్-బ్రాంచ్‌తో పాటు ఆ ఫిల్టర్ పెట్టిన క్లోన్ అరగంటలోపే అయింది, డిస్క్ మీద ఏడెనిమిది వందల ఎంబీ, హిస్టరీ మాత్రం మొదటి కమిట్ దాకా పూర్తిగా ఉంది. మామూలు గిట్ లాగ్ ఎంత వెనక్కి వెళ్లినా ఇబ్బంది లేదు. బ్లేమ్ కొడితే మాత్రం పాత వెర్షన్లు ఒక్కొక్కటే సర్వర్ నుంచి తెచ్చుకుంటూ నత్తనడక నడుస్తుంది, వీపీఎన్ లేకపోతే మధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఒకసారి చూసిన ఫైల్ రెండోసారి చూస్తే వెంటనే వస్తుంది, అప్పటికే తెచ్చి పెట్టుకుంది కాబట్టి. ఇంటర్నెట్ లేని చోట పని చేసుకుందామనుకునేవాళ్లకి ఇది కుదరదు, వాళ్లు డీపెన్ దారిలో వెళ్లడమే మేలు.

బగ్గులు సరిచేశా. కథ అయిపోయిందనుకున్న చోట సింగిల్-బ్రాంచ్ అసలు రంగు చూపించింది.

మా టీమ్‌లో ఒకతను ఫోన్ చేసి, "అన్నా, నా ఫిక్స్ ఒక బ్రాంచ్‌లో పెట్టాను, ఒకసారి చూస్తావా" అన్నాడు. గిట్ ఫెచ్ కొట్టా, ఏమీ రాలేదు. ఆ బ్రాంచ్‌కి మారదామని చెకౌట్ కొడితే ఆ పేరుతో తనకేమీ తెలియదంది. ఇంకోసారి ఫెచ్‌కి ఆ బ్రాంచ్ పేరు ఇచ్చి కొట్టా, ఏదో డౌన్‌లోడ్ అయినట్టు చూపించింది, చెకౌట్ మళ్లీ అదే పాట. తప్పు పేరు చెప్పాడేమో అని అతన్ని కూడా అడిగా, స్క్రీన్ షేర్ చేసి మరీ చూపించాడు, పేరు కరెక్టే.

కారణం క్లోన్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంది. మామూలు క్లోన్‌లో రిమోట్ (సర్వర్‌లోని రెపో వివరాలు) కింద ఫెచ్ అనే లైన్‌లో నక్షత్రం గుర్తు ఉంటుంది, అంటే అన్ని బ్రాంచ్‌లూ తెచ్చుకో అని. సింగిల్-బ్రాంచ్ క్లోన్‌లో ఆ నక్షత్రం బదులు రిలీజ్-4 పేరే ఉంటుంది. క్లోన్ అయిపోయాక కూడా ఆ కట్టడి అలాగే ఉండిపోతుంది, ఆరు నెలల తర్వాత ఫెచ్ కొట్టినా ఆ ఒక్కదాన్నే చూస్తుంది. పేరు పెట్టి ఫెచ్ చేస్తే కమిట్‌లు వస్తాయి గానీ ఫెచ్-హెడ్ అనే తాత్కాలిక గుర్తులో మాత్రమే ఉంటాయి, ఆరిజిన్ (క్లోన్ చేసిన సర్వర్ రెపోకి గిట్ పెట్టే పేరు) కింద ఆ బ్రాంచ్ పేరు ఏర్పడదు. గిట్ రిమోట్ సెట్-బ్రాంచెస్ --యాడ్ ఆరిజిన్ అని కొట్టి, చివర బ్రాంచ్ పేరు ఇచ్చి, తర్వాత మామూలుగా ఫెచ్ చేస్తే అన్నీ సర్దుకున్నాయి. ఆ --యాడ్ మర్చిపోతే ఉన్న రిలీజ్-4 పోయి దాని స్థానంలో కొత్తది కూర్చుంటుంది, జాగ్రత్త.

ఇదే కట్టడి పుష్‌లో, అంటే మన కమిట్‌లని సర్వర్‌కి పంపేటప్పుడు, కూడా తగులుతుంది, అది ఇంకా చిరాకు. నేను కొత్త బ్రాంచ్ తీసి పుష్ -యూ కొట్టా, సర్వర్‌కి చక్కగా వెళ్లింది. తర్వాత గిట్ స్టేటస్ చూస్తే ఎన్ని కమిట్‌లు ముందున్నామో వెనకున్నామో చెప్పదు. అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో దీనికి జోడీ బ్రాంచ్) ఏదని గట్టిగా అడిగితే, ఉంది గానీ దాన్ని రిమోట్-ట్రాకింగ్ బ్రాంచ్‌గా, అంటే సర్వర్‌లో చివరిగా చూసింది గుర్తుపెట్టుకునే పేరుగా, దాచుకోలేదు అంటుంది. రివ్యూలో ఒక మార్పు చెప్పారు, కమిట్ సవరించి --ఫోర్స్-విత్-లీజ్‌తో (సర్వర్‌లో మనం చివరిగా చూసిందే ఉంటేనే దాని మీద రాసేది) పుష్ చేస్తే "స్టేల్ ఇన్ఫో" అని తిప్పి కొట్టింది. నా బ్రాంచ్‌ని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు. సర్వర్‌లో చివరిసారి ఏముందో దాని దగ్గర రాసి లేదు కదా, పోల్చుకోవడానికి ఏమీ లేక వద్దంటోంది. ఇలాంటప్పుడు విసుగొచ్చి ఉత్త --ఫోర్స్ కొట్టెయ్యాలనిపిస్తుంది. వేరేవాళ్ల కమిట్‌లు పోయేది సరిగ్గా అప్పుడే. ఆ బ్రాంచ్ పేరు కూడా సెట్-బ్రాంచెస్‌తో చేర్చి, ఫెచ్ చేసి పుష్ చేస్తే వెళ్లింది.

శని, ఆదివారాలు దాని మొహం చూడలేదు.

సోమవారం నుంచి రెండో భాగం, అంటే ఆ బ్రాంచ్‌ని ఖాళీ రెపోలోకి ఎక్కించడం. హోస్టింగ్ సైట్లలో ఫోర్క్ బటన్ (సైట్‌లోనే రెపోకి ఇంకో కాపీ తీసేది) నొక్కితే సరిపోదా అని కొందరు అడుగుతారు. గిట్‌హబ్‌లో ఫోర్క్ చేసేటప్పుడు ఒక్క బ్రాంచే కాపీ చెయ్యి అనే టిక్కు ఉన్నమాట నిజమే, కాకపోతే అది డిఫాల్ట్ బ్రాంచ్‌నే కాపీ చేస్తుంది, మనకి నచ్చిన బ్రాంచ్‌ని కాదు. ఇక్కడ మాకు డిఫాల్ట్ మెయిన్. కాబట్టి చేత్తో చెయ్యాల్సిందే.

నా లాప్‌టాప్‌లో మొదట తెచ్చుకున్న రెండేళ్ల షాలో కాపీ ఉంది, రెండేళ్ల హిస్టరీ చాలు అని కొత్త టీమ్ కూడా అంది, దాన్నే పుష్ చేసి చూశా. "షాలో అప్‌డేట్ నాట్ అలౌడ్" అని కొత్త సర్వర్ మొహం మీదే తలుపేసింది. సగం హిస్టరీ ఉన్న కాపీని అది తీసుకోదు. సరే అని బిల్డ్ మెషిన్‌లోకి లాగిన్ అయ్యి గిట్ క్లోన్ --బేర్ --సింగిల్-బ్రాంచ్ -బి రిలీజ్-4 కొట్టా (--బేర్ అంటే పని చేసుకునే ఫైళ్లు తెరిచి పెట్టకుండా హిస్టరీ మాత్రమే తెస్తుంది). అక్కడ తొమ్మిది జీబీ రావడానికి కొద్ది నిమిషాలు పట్టింది. ఆ వేగం చూసి కడుపు మండింది.

పుష్ కొట్టబోతుంటే మా సీనియర్ ఆపారు. "కొత్తవాళ్ల చేతికి పదేళ్ల హిస్టరీ వెళ్తోంది, అందులో ఏముందో చూశావా?" మా కోడ్‌లో ఇప్పుడు పాస్‌వర్డ్‌లేవీ లేవు, అది నాకు తెలుసు. ఆవిడ గిట్ లాగ్‌కి క్యాపిటల్ ఎస్ ఆప్షన్ పెట్టి, పాస్‌వర్డ్ అనే మాట ఏయే కమిట్‌లలో చేరిందో ఏయే కమిట్‌లలో పోయిందో వెతికించారు. కొంతసేపు పట్టింది. వచ్చిన లిస్ట్‌లో ఎప్పటిదో ఒక సెట్టింగ్స్ ఫైల్, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్‌లు. ఎవరో తర్వాత ఆ ఫైల్ డిలీట్ చేశారు, కానీ డిలీట్ చేసిన కమిట్‌కి ముందుది ఇంకా హిస్టరీలో భద్రంగా ఉంది. అందులో ఒక పాస్‌వర్డ్ ఇప్పటికీ పనిచేస్తోందని సెక్యూరిటీ వాళ్లు చెక్ చేసి చెప్పాక అందరికీ చెమటలు పట్టాయి. ముందు దాన్ని మార్చారు, ఆ తర్వాతే మిగతా మాటలు. ఆ మార్చడానికి మంగళవారం మొత్తం పోయింది, ఎందుకంటే దాన్ని వాడే పాత జాబ్‌లు (వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌లు) ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ పూర్తిగా తెలియదు.

బుధవారం హిస్టరీ కడగడానికి కూర్చున్నాం. గిట్‌తో పాటు వచ్చే పాత ఫిల్టర్-బ్రాంచ్‌ని గిట్ డాక్యుమెంటేషనే వాడొద్దంటుంది, గిట్ ఫిల్టర్-రెపో అనే విడి టూల్ వేసుకోవాలి, అది పైథాన్ స్క్రిప్ట్. మొదట --అనలైజ్‌తో నడిపితే హిస్టరీలో ఏ ఫైల్ ఎంత చోటు తింటోందో రిపోర్ట్ ఇస్తుంది. ఆ రిపోర్ట్ చూడటం ఒక సరదా, పదేళ్ల కిందటి ఎవరి పాపం ఎంత బరువో వరసగా ఉంటుంది. డెమో వీడియో ఫస్ట్ ర్యాంక్ తెచ్చుకుంది. కొత్త సర్వర్‌లో 100 ఎంబీ దాటిన ఫైల్ ఒక్కటి హిస్టరీలో ఎక్కడున్నా పుష్ ఒప్పుకోదు కాబట్టి అది ఎలాగూ పోవాల్సిందే. సెట్టింగ్స్ ఫైల్‌ని పేరు పెట్టి తీసెయ్యమని, పది ఎంబీ దాటిన ఫైళ్లన్నీ తీసెయ్యమని చెప్పి నడిపాం.

కొద్ది నిమిషాల్లో 9 జీబీ కాస్తా 400 ఎంబీకి దిగింది. నమ్మబుద్ధి కాలేదు, నమ్మకపోవడమే మంచిదైంది. కడిగాక కమిట్ నంబర్లు మారిపోతాయి, అది మామూలే. కానీ చివరి కమిట్ తాలూకు ట్రీ నంబరు, అంటే ఈరోజు ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నిటికీ కలిపి ఉండే నంబరు, పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ ఒకటే ఉండాలి, మనం తీసింది పాత చెత్తే అయితే. గిట్ రెవ్-పార్స్‌తో రెండు చోట్లా తీసి పోల్చాం, కలవలేదు. తేడా వెతికితే ఇప్పటికీ వాడుకలో ఉన్న ఒక డేటా ఫైల్ 14 ఎంబీ ఉంది, పది ఎంబీ రూలుకి అదీ ఎగిరిపోయింది. ఆ పోలిక చెయ్యకుండా పంపి ఉంటే కస్టమర్ దగ్గర బిల్డ్ పేలేది. హద్దు 20 ఎంబీకి పెంచి మళ్లీ మొదటి నుంచి చేశాం. మొదటి నుంచి అంటే నిజంగా కొత్త క్లోన్ నుంచే, తాజా క్లోన్ కాకపోతే ఈ టూల్ పనిచెయ్యనని మొండికేస్తుంది. ఈసారి ట్రీ నంబర్లు అక్షరం పొల్లుపోకుండా కలిశాయి.

ఇంకో సంగతి, పని అయ్యాక ఫిల్టర్-రెపో ఆరిజిన్ అడ్రస్‌ని కావాలనే తీసేస్తుంది, కడిగిన హిస్టరీని ఎవరూ పొరపాటున పాత సర్వర్‌కే పుష్ చెయ్యకుండా. ఆరిజిన్ ఏమైందా అని కంగారు పడకండి.

గురువారం పొద్దున పుష్. బ్రాంచ్ పేరు కొత్త రెపోలో మెయిన్ అని ఉండాలన్నారు, పుష్‌లో రిలీజ్-4:మెయిన్ అని ఇస్తే ఆ పేరుతోనే వెళ్తుంది, లోకల్‌గా పేరు మార్చక్కర్లేదు. వెళ్లింది, కానీ ట్యాగ్‌లు ఒక్కటీ వెళ్లలేదు. --ఫాలో-ట్యాగ్స్ పెడితే యానొటేటెడ్ ట్యాగ్‌లు (సందేశంతో పాటు పెట్టినవి) మాత్రమే వెళ్తాయి, మావి సగం మామూలు ట్యాగ్‌లు. కాబట్టి --ట్యాగ్స్‌తోనే పంపాం. సింగిల్-బ్రాంచ్ క్లోన్‌లోకి ఆ బ్రాంచ్ హిస్టరీలో ఉన్న ట్యాగ్‌లే వస్తాయి గనక అలా పంపినా భయం లేదు, అదే మధ్యలో ఎక్కడైనా ఫెచ్ --ట్యాగ్స్ కొట్టి ఉంటే వేరే బ్రాంచ్‌ల ట్యాగ్‌లు, వాటి వెనకున్న హిస్టరీ కూడా కలిసి వచ్చేసేవి. అవి ఆ టీమ్‌కి వెళ్లకూడదనే కదా ఇంత తతంగం.

మధ్యాహ్నం కొత్త టీమ్ నుంచి మెసేజ్, సబ్‌మాడ్యూల్ (మన రెపో లోపల వాడుకునే ఇంకో రెపో) రావట్లేదని. మా రెపోలో సబ్‌మాడ్యూల్ అడ్రస్ రెండు చుక్కలతో, అంటే "పక్క ఫోల్డర్‌లో ఉంది" అన్నట్టు రాసి ఉంది. ఆ అడ్రస్‌ని ఆరిజిన్‌తో కలిపి లెక్కేసుకుంటుంది గిట్, ఆరిజిన్ కొత్త సర్వర్ అయ్యేసరికి సబ్‌మాడ్యూల్‌ని కూడా అక్కడే వెతుకుతోంది, అక్కడేముంది, ఏమీ లేదు. ఆ చిన్న లైబ్రరీని కూడా కొత్త సర్వర్‌లో పక్కన పెట్టించి సాయంత్రానికి బిల్డ్ పచ్చగా చూపించాం.

ఇంకా ఒక తోక మిగిలింది. మేం ఇవన్నీ చేస్తుండగా పాత రిలీజ్-4లో ఇంకెవరో ఫిక్స్‌లు పెట్టేశారు. కమిట్ నంబర్లు మారిపోయిన కొత్త రెపోకి పాతది మెర్జ్ చేస్తే (కలిపితే) కడిగేసిన హిస్టరీ మొత్తం మళ్లీ వచ్చి కూర్చుంటుంది, కాబట్టి గిట్ ఫార్మాట్-ప్యాచ్‌తో వాటిని ఫైళ్లుగా తీసి, అటు పక్క గిట్ ఏఎమ్‌తో ఎక్కించాం. పాత రెపోలో ఆ బ్రాంచ్‌ని ఆరోజే లాక్ చేయించా. టికెట్లలో ఎక్కడ చూసినా పాత కమిట్ నంబర్లే ఉన్నాయి, ఏ పాత నంబరు ఏ కొత్త నంబరు అయిందో ఫిల్టర్-రెపో కమిట్-మ్యాప్ అనే ఫైల్‌లో రాసి పెడుతుంది. అది ఆ క్లోన్ లోపలే ఉంటుంది, పుష్‌తో వెళ్లదు. క్లోన్ డిలీట్ చేసేముందు దాన్ని విడిగా కాపీ చేసి రెండు టీమ్‌లకీ ఇచ్చాం.